కెమిస్ట్రీ మేడమ్ గారి సరిగమలు

సంతాప సభకు ఫ్లెక్సీ కొట్టించాలి. ఫొటో దొరికింది. ఏలూరు పక్కనే వట్లూరులో మా కాలేజీ సెమినార్ హాలే వేదిక. వేళ కూడా కుదిరింది. ఫొటో కింద ఏం రాయాలన్న దగ్గర మాత్రం పని ఆగిపోయింది.

"కెమిస్ట్రీ అధ్యాపకురాలు అని వేస్తే సరిపోతుంది కదండీ, ఇందులో ఆలోచించేదేముంది?" అన్నారు కెమిస్ట్రీవాళ్లు. అంతలో ఏలూరు సంగీత పాఠశాల నుంచి టీచరుగారు ఫోన్ చేశారు. "మా విద్యార్థిని అని కూడా వెయ్యండమ్మా. ఆవిడకి ఆ మాటంటే చాలా ఇష్టం" అన్నారు. మధ్యాహ్నం కలిదిండి నుంచి చేపల చెరువుల ఆసామి ఒకాయన, "భూమి వయసు చెప్పే మేడమ్ గారు పోయారటగా అండీ? సభ ఎప్పుడండీ?" అని అడిగాడు. ముగ్గురూ చెప్పేది ఒక్క మనిషి గురించే. మా వాట్సాప్ గ్రూపులో సాయంత్రందాకా వాదన నడిచింది. చివరికి ఎవరికీ నచ్చజెప్పలేక "మన మేడమ్ గారు" అని వేయించి ఊరుకున్నాం.

ఆ వాదన జరుగుతున్నంతసేపూ నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆవిడే ఉంటే కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి దించి, "సరే, ఇంతకీ నన్ను ఎందులో వేద్దామంటారు?" అని అడిగి ఉండేవారు.

"ఎందులో వేద్దాం?" అన్నది ఆవిడ ఊతపదం. నేను ఆ కాలేజీలో తెలుగు చెప్పడానికి చేరిన కొత్తలోనే అది నా చెవిన పడింది. మా ఇద్దరిదీ తాడేపల్లిగూడెమే. రోజూ పొద్దున్నే ఒకే ప్యాసింజరెక్కి ఏలూరు వెళ్లేవాళ్లం. నన్ను ఆవిడ పేరుపెట్టి పిలిచింది తక్కువ. "ఏవమ్మా తెలుగూ, ఇలా రా, ఇక్కడ చోటుంది" అనేవారు. గంజిపెట్టిన నేతచీర, భుజాన గుడ్డసంచి, ఆ సంచిలో ఎప్పుడూ ఒక సుద్దముక్క. రైల్లో సుద్దముక్కతో ఏం పనండీ అని అడిగితే, "గీత గియ్యాల్సొస్తే?" అన్నారు.

ఉంగుటూరులో జామకాయల ఆవిడ ఎక్కేది. మేడమ్ గారు బేరం మొదలుపెట్టకుండా ముందు ప్రశ్న వేసేవారు.

"ఇవి కాయలా, పళ్లా అమ్మా? కాయ ఎక్కడ ఆగుతుంది, పండు ఎక్కడ మొదలవుతుంది?"

"అమ్ముడుపోయేదాకా కాయలేనండి. సాయంత్రానికి మిగిలిపోతే పళ్లండి" అంది ఆవిడ ఒకసారి.

మేడమ్ గారు భీమడోలు వచ్చేదాకా నవ్వారు. ఆ రోజు క్లాసులో లోహాలకీ అలోహాలకీ మధ్య మెట్లలా గీసే గీత గురించి చెప్పాల్సి ఉంటే, జామకాయల దగ్గరనుంచి మొదలుపెట్టారట.

వాళ్ల వంటింట్లో పోపుడబ్బా కూడా ఆవిడ పద్ధతిలోనే ఉండేది. నూనెలో ఏది ముందు వెయ్యాలో ఆ వరుసలో గిన్నెలు. మిగతా సామాను డబ్బాలు కూడా అంతే. నీళ్లలో కరిగేవి ఒక అరలో, నానేవి ఒక అరలో, ఏం చేసినా మారనివి పై అరలో. ఆవిడ భర్త బ్యాంకులో రిటైరయిన మనిషి, నెమ్మదస్తుడు, వంట ఎక్కువగా ఆయనే చేసేవారు. ఒకసారి నేను వెళ్తే కాఫీ కలుపుతూ, "మా ఇంట్లో పంచదార దొరకాలంటే ఎమ్మెస్సీ పాసవ్వాలండీ" అన్నారు. లోపలినుంచి ఆవిడ, "కరిగేదేగా, రెండో అరలో చూడండి" అని కేకేశారు.

ఆవిడ పాఠం చెప్పే తీరు నేను చూశాను. ఖాళీ పీరియడ్ ఉంటే వెళ్లి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. మూలకాల పట్టిక బోర్డు మీద వేసేవారు కాదు. ఒక్కో మూలకం గుణాలు ఒక్కో అట్టముక్క మీద రాసి, పేరు రాయకుండా, ఆడపిల్లలకి పంచేవారు. బల్లలన్నీ జరిపి నేలమీద పేర్చమనేవారు. పిల్లలు బరువుల వరుసలో పేర్చుకుంటూ, ఒకే పోలికున్నవాటిని ఒకదాని కింద ఒకటి వేసుకుంటూ వెళ్లేవాళ్లు. కొన్నిచోట్ల లెక్క తప్పేది. పోలిక కుదిరితే వరుస కుదరదు, వరుస కుదిరితే పోలిక కుదరదు. పిల్లలు తలలు పట్టుకునేవాళ్లు. ఎంతకీ తేలక అలిసిపోయాక ఆవిడ కుర్చీలోంచి లేచేవారు. పిల్లలకి ఇవ్వకుండా దాచిన కొన్ని అట్టముక్కలు ఆవిడ కూర్చున్నచోట ఉండేవి.

"లేనివాటి చోటు మీరు వేరేవాటికి ఇచ్చేశారు. అందుకే చెడింది. ఈ పట్టిక మొదట వేసినాయన కొన్ని గడులు ఖాళీగా వదిలేశాడర్రా. ఇక్కడికి ఎవరో రావాలి, ఇంకా రాలేదు అన్నాడు. తర్వాత వాళ్లు వచ్చారు కూడాను. తెలియనప్పుడు ఖాళీ వదలండి. కుక్కెయ్యకండి."

ఒకసారి ఆ ముక్కలు కుర్చీలోనే మరిచి ఇంటికెళ్లిపోయారు. మర్నాడు ఎకనామిక్స్ సార్ వాటిమీద కూర్చుని పాఠం చెప్పుకున్నాడు.

ఆవిడ సంగీతంలోకి రావడానికి కారణం నేనే. స్టాఫ్ రూములో ఒక మధ్యాహ్నం హైడ్రోజన్ గురించి వాపోతున్నారు. "దీన్ని ఎందులో వేద్దాం? సోడియం గుంపులో కూర్చోబెడితే సగం పోలిక. క్లోరిన్ గుంపులో కూర్చోబెడితే ఇంకో సగం. రెండు చోట్లా హక్కుంది దానికి." చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు ముక్కలు గుర్తొచ్చి, "సంగీతంలో కూడా ఇలాంటిది ఉందండీ. స్వరస్థానాలు పన్నెండే గానీ పేర్లు పదహారు. చతుశ్రుతి రిషభం ఉన్నచోటే శుద్ధ గాంధారం కూడా ఉంటుంది" అన్నాను.

ఆవిడ తింటున్న పెరుగన్నం చెంచా గాల్లో ఆగిపోయింది.

"ఒకే చోటా? రెండు పేర్లా? ఎవరొప్పుకున్నారమ్మా దానికి?"

ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని సంగీత పాఠశాలకు వెళ్లారు. టీచరుగారు ఈవిడకన్నా బాగా చిన్న. లోపల చిన్నపిల్లలు వరసలు పాడుతున్నారు. మేడమ్ గారు నమస్కారం పెట్టి, తిన్నగా ప్రశ్న అడిగేశారు. టీచరుగారు హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి పట్టుకుని, "ఇదేనండీ. కింద వేరే రిషభం ఉండగా వస్తే దీన్ని గాంధారం అంటాం. పైన వేరే గాంధారం ఉంటే ఇదే రిషభం అవుతుంది. పక్కన ఎవరున్నారన్న దాన్నిబట్టి పేరండీ. పుట్టింట్లో ఒక ఇంటిపేరు, అత్తింట్లో ఒక ఇంటిపేరు. మనిషొకరే కదండీ" అన్నారు.

మేడమ్ గారు ఆ మెట్టు తనూ ఒకసారి నొక్కి చూశారు. తర్వాత, "నన్ను చేర్చుకుంటారాండీ?" అన్నారు.

టీచరుగారు కంగారుపడ్డారు. "తప్పకుండానండీ. కాకపోతే మొదటి తరగతిలో అందరూ చిన్నపిల్లలండీ."

"నేనూ మొదటి తరగతేగా అండీ."

మనమల్ని ఎత్తుకోవాల్సిన వయసులో అలా సరళీ వరసల్లో కూర్చున్నారు మేడమ్ గారు. ఆవిడ గొంతు గురించి అబద్ధం చెప్పలేను. శ్రుతి ఒకవైపు ఉంటే ఆవిడ ఒకవైపు ఉండేవారు. పక్కనున్న పరికిణీ పిల్ల ఆవిడ మోకాలు తట్టి, "అమ్మమ్మగారూ, మీ గాంధారం మధ్యమంలోకి వెళ్లిపోయిందండీ" అనేదట. "వెళ్లనీ తల్లీ, చూసొస్తుందిలే" అనేవారట ఈవిడ. పొద్దున్న రైల్లో ఫోనులో శ్రుతి యాప్ పెట్టుకుని సాధన మొదలయ్యేసరికి మా ఎదుటి సీట్లు మెల్లగా ఖాళీ అయ్యేవి. భర్తగారు నాతో రహస్యంగా, "మా పక్కవాటా వాళ్లు ఇల్లు ఖాళీ చేశారండీ. ట్రాన్స్‌ఫరేలెండి. కానీ నేనెంత చెప్పినా ఈవిడ నమ్మట్లేదు" అన్నారు.

ఆవిడకి ఇదంతా స్వరాల మీద కుతూహలమే అనుకున్నాను. కొల్లేటి వైపు వెళ్లివచ్చిన రోజు దాకా అలాగే అనుకున్నాను.

మా కాలేజీలో మార్కులనుబట్టి సెక్షన్లు. చివరి సెక్షన్‌ను ఎవరూ కోరి తీసుకోరు. మేడమ్ గారు ఏటా అదే అడిగి తీసుకునేవారు. ఆ ఏడు సైన్సు పిల్లలందర్నీ రొయ్యల ప్లాంటు చూపించడానికి బస్సులో తీసుకెళ్లాం. తోడుగా నేనూ వెళ్లాను. వచ్చేటప్పుడు కలిదిండి దగ్గర ఒకచోట పొక్లెయిన్ కొత్త చెరువు తవ్వుతోంది. గట్టుపక్క కోసిన మట్టి నిలువుగా, పొరలు పొరలుగా కనిపిస్తోంది. మేడమ్ గారు డ్రైవరు భుజం పట్టుకుని బస్సు ఆపించారు.

పిల్లలందరూ గోతిలోకి దిగారు. పైన నల్లమట్టి, దాని కింద బూడిదరంగు జిగురుమట్టి, ఇంకా కింద ఇసుక కలిసిన మట్టి. మధ్యలో ఎక్కడికక్కడ గుల్లలు.

"పైనుంచి కిందికి దిగుతున్నకొద్దీ వెనక్కి వెళ్తున్నారన్నమాట. ఒకప్పుడు సముద్రం ఇక్కడిదాకా ఉండేది. తర్వాత మంచినీటి సరస్సయింది. సరే, ఒక కాలం ఎక్కడ ఆగింది, ఇంకో కాలం ఎక్కడ మొదలైంది? ఒక్కొక్కళ్లూ ఒక గీత గియ్యండి" అన్నారు.

తడిమట్టి మీద సుద్ద పడలేదు. చెరువులో చల్లడానికి తెచ్చిన సున్నం బస్తా పక్కనే విప్పి ఉంది. పిల్లలు గుప్పిళ్లతో తీసుకుని మట్టిగోడ మీద తెల్లగీతలు లాగడం మొదలెట్టారు. అంతలో గట్టుమీదనుంచి ఆసామి పరుగెత్తుకొచ్చాడు.

"ఏవండీ, ఏవండీ! నా చెరువులో ముగ్గులేస్తున్నారేంటండీ?"

"ముగ్గులు కాదండీ. మీ చెరువు వయసు కడుతున్నాం" అన్నారు మేడమ్ గారు.

"దాని వయసేముందండీ, మొన్న సోమవారం మొదలెట్టామండి."

"ఇంకా వేల ఏళ్లు పోయాక ఎవరైనా ఇక్కడ తవ్వితే మీ మేతసంచులు ఒక పొరగా దొరుకుతాయండీ. వాటినిబట్టే మన కాలానికి పేరు పెడతారు."

ఆయన సున్నం సంగతి మరిచిపోయాడు. "అయితే కాస్త మంచి కంపెనీ సంచులు వాడాలండీ!" అంటూ పొక్లెయిన్ కుర్రాణ్ణి కాసేపు ఆపమని, తను కూడా గోతిలోకి దిగాడు.

క్లాసులో మొదటి ర్యాంకు అమ్మాయి మట్టి రంగు మారినచోట గీత గీసింది. చాలామంది ఆ గీతనే అనుసరించారు. కొల్లేటికోట నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. చివరి సెక్షన్, ఎప్పుడూ నోరు విప్పగా నేను వినలేదు. ఆ పిల్ల జానెడు కిందగా వేరే గీత గీసింది.

"ఇక్కడెందుకు గీశావమ్మా?" అన్నారు మేడమ్ గారు.

"ఇక్కడిదాకా ఉన్నవి మా ఊరి నత్తలే మేడమ్. మా అమ్మ బాతులకి వేస్తుంది. ఈ కిందున్న గుల్లలు నేనెప్పుడూ చూడలేదండి."

"కానీ మట్టి ఇక్కడే కదా మారింది!" అంది మొదటి ర్యాంకు అమ్మాయి.

"మట్టి మారితే ఏంటి, నత్తలు మారలేదుగా?"

ఇద్దరూ గట్టిగా వాదించుకున్నారు. మేడమ్ గారు చేతులు కట్టుకుని సినిమా చూస్తున్నట్టు చూశారు. చివరికి, "ఇద్దరి గీతలూ ఉంటాయి. మట్టినిబట్టి గీసేవాళ్లున్నారు, ప్రాణులనిబట్టి గీసేవాళ్లున్నారు. భూమి మీద గీతలేవీ లేవర్రా. మనం గీసుకున్నవే. ఎందుకు గీశామో చెప్పగలగాలి, అంతే" అన్నారు.

కొల్లేటికోట అమ్మాయి చేతికంటిన సున్నం దులుపుకుంటూ, పెద్ద ఆలోచనేమీ లేకుండానే అడిగేసింది.

"అయితే మేడమ్, మమ్మల్ని సి సెక్షన్‌లో వేసిన గీత కూడా మనం గీసుకున్నదేనాండి?"

మేడమ్ గారు ఆ పిల్ల గీసిన గీత వైపు ఒకసారి చూశారు. తర్వాత, "అవునమ్మా. అదీ మట్టి రంగు చూసి గీసిందే" అన్నారు.

తిరుగు ప్రయాణమంతా ఆ ఇద్దరమ్మాయిలూ పక్కపక్క సీట్లలో కూర్చుని అదే గొడవ పడ్డారు. సాయంత్రం రైల్లో, దెందులూరు దాటాక, మేడమ్ గారు నాకు చెప్పారు.

"మా ఇంటికి సంగీతం టీచరొచ్చేవారమ్మా, నా చిన్నప్పుడు. అక్కయ్యలిద్దరికీ నాకూ చెప్పాలని. రెండు రోజులు విని, ఈ పిల్లకి గొంతు లేదండీ, శ్రుతిపెట్టె దగ్గర కూర్చోబెట్టండి అన్నారు. అక్కయ్యలకి పెళ్లిళ్లయ్యేదాకా వాళ్లు పాడుతుంటే నేను శ్రుతిపెట్టె తిత్తి ఆడించాను. ఆవిడ చెడ్డమనిషి కాదు. రెండు రోజుల్లో ఒక గీత గీసింది. నేనేమో దాన్ని ఇన్నేళ్లు దాటలేదు. స్నానాలగదిలో కూడా పాడలేదమ్మా, తెలుసా?"

ఆవిడ నవ్వేసి, ఫోను తీసి శ్రుతి పెట్టుకున్నారు.

మర్నాడు ఆవిడ ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లారు. తలుపు మూసినా మాటలు వరండాలోకి వినిపించాయి. సెక్షన్లు తీసెయ్యమన్నారు. ఆయన కుదరదన్నారు. కనీసం ల్యాబు బ్యాచిలైనా కలపమన్నారు ఈవిడ.

"రిజల్ట్ పడిపోతే బాధ్యత ఎవరిదండీ మేడమ్?"

"నాదేనండీ. రాసివ్వమంటారా?"

ఆయన రాయించుకోలేదు. ల్యాబులో బ్యాచిలు కలిశాయి. రిజల్ట్ పడిపోలేదు, ఆకాశానికీ అంటలేదు. కొల్లేటికోట అమ్మాయీ, మొదటి ర్యాంకు అమ్మాయీ ఒకే బల్ల దగ్గర ఏడాదంతా పోట్లాడుకుంటూ ప్రాక్టికల్స్ చేశారు. కొల్లేటికోట అమ్మాయి ఇప్పుడు కలిదిండిలో చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తోంది. సంతాప సభలో మైకు ముందుకొచ్చి, "మేడమ్ గారు మాకు..." అని ఆగి, వెళ్లి కూర్చుంది. పక్కసీటులో ఉన్న మొదటి ర్యాంకు అమ్మాయి చున్నీ చెంగు అందించింది.

ల్యాబు బ్యాచిలు కలిపిన ఆ ఏడు వేసవిలోనే మేడమ్ గారు సంగీతం సర్టిఫికెట్ పరీక్షకి కట్టారు. రాతపరీక్షకి భయం లేదు. డెబ్బైరెండు మేళకర్త రాగాల పట్టిక ఆవిడకి మూలకాల పట్టికకన్నా బాగా వచ్చేసింది. "ఎవరూ పాడని రాగాలకి కూడా ముందే గడులు కట్టి ఉంచారమ్మా! ఏం మనుషులు!" అని మురిసిపోయేవారు. భయమంతా పాట దగ్గరే. పరీక్షకి నేనూ వెళ్లాను, కిటికీ అవతల నిలబడ్డాను. ఆవిడకన్నా ముందు పాడిన పిల్లలు గలగలా పాడేసి వెళ్లిపోయారు. ఈవిడ కూర్చుని, కొంగు సర్దుకుని, కళ్లు మూసుకుని గీతం ఎత్తుకున్నారు. మొదటి పంక్తి ఫరవాలేదు. రెండో పంక్తిలో ఎక్కడికో వెళ్లిపోయారు. పరీక్షకుడు పెద్దమనిషి, మర్యాదస్తుడు. ఓపిగ్గా చివరిదాకా విన్నాడు.

"అమ్మా, మీరు పాడింది ఏ రాగమండీ?"

మేడమ్ గారు కళ్లు తెరిచి, ఏమాత్రం నవ్వకుండా, "అది మీరే చెప్పాలండీ. ఉన్నవాటిలో దేంట్లోనూ పడకపోతే ఒక గడి ఖాళీ వదలండి" అన్నారు.

ఆయన హార్మోనియం మీద తల ఆన్చుకుని నవ్వాడు. నవ్వాడు గానీ పాస్ చెయ్యలేదు. రాతలో ఫస్టు, పాటలో ఫెయిలు. ఫలితాలొచ్చిన మర్నాడు స్టాఫ్ రూముకి పూతరేకుల పెట్టె పట్టుకొచ్చారు. ఎందుకండీ అంటే, "జీవితంలో మొదటిసారి ఫెయిలయ్యానమ్మా. పార్టీ ఇవ్వద్దూ?" అన్నారు. అందరూ తిన్నారు. కానీ ఆవేళ రైల్లో యాప్ తియ్యలేదు. కిటికీలోంచి చెరువుల వైపు చూస్తూ కూర్చున్నారు. తాడేపల్లిగూడెంలో దిగబోతూ మాత్రం, "మళ్లీ కడతానమ్మా" అన్నారు.

మళ్లీ కట్టారు. ఆ ఏడాది ఆవిడ పడిన కష్టం నేను దగ్గరుండి చూశాను. కొత్త పాటలేవీ వద్దన్నారు. షడ్జం ఒక్కటే నెలల తరబడి పట్టుకున్నారు. నడుస్తూ, కూరగాయలు తరుగుతూ, ల్యాబులో బ్యూరెట్ నింపుతూ. ఒకరోజు భర్తగారు ఫోన్ చేసి, "అమ్మా, ఇవాళ మా ఆవిడ స అంటే అది స యే అయిందండీ!" అన్నారు. ఆ తర్వాత పంచమం దొరికింది. మిగతావి వాటి మధ్యన ఒక్కటొక్కటిగా వచ్చి కూర్చున్నాయి.

రెండోసారి అత్తెసరు మార్కులతో పాసయ్యారు. ఆ ఫలితం తెలిసిన సాయంత్రం ఏలూరు స్టేషన్లో మా బండి ఆలస్యం. ప్లాట్‌ఫాం చివర సిమెంటు బల్లమీద కూర్చున్నాం. మా పక్కన తోటకూర కట్టలు అమ్ముకుని ఖాళీ గంపతో ఇంటికి వెళ్తున్న ఒకావిడ, కాళ్లు చాపుకుని కునుకుతోంది. మేడమ్ గారు అటూ ఇటూ చూసి, "ఏవమ్మా తెలుగూ, పాడనా? ఇక్కడ పరీక్షకులు లేరుగా" అన్నారు. శ్రుతి పెట్టుకుని, చిన్నపిల్లలు మొట్టమొదట నేర్చుకునే ఆ గీతాన్నే మొదలుపెట్టారు. గొప్పగా పాడారని చెప్పను. గొంతులో జీర ఉంది, ఒకచోట ఊపిరి చాలలేదు. కానీ పాట ఎక్కడికీ పోలేదు. ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది.

పాట అయిపోయింది. గంప ఆవిడ కళ్లు తెరవకుండానే అంది.

"బాగుందమ్మా. ఇంకోటి పాడండి."

మేడమ్ గారు చటుక్కున నా చెయ్యి పట్టుకున్నారు. కళ్లనిండా నీళ్లు, ముఖం నిండా నవ్వు.

"విన్నావా? ఇంకోటి అడిగింది!" అని నాతో గుసగుసగా అని, ఆవిడవైపు తిరిగి ఎంతో మర్యాదగా చెప్పారు.

"ఇంకోటి రాదండీ. నాకొచ్చింది ఇదొక్కటేనండీ."

"అయితే అదే పాడండి, ఏం పోయింది?" అంది గంప ఆవిడ.

మేడమ్ గారు కొంగుతో ముఖం తుడుచుకుని, నిటారుగా కూర్చుని, మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు.